యానాది పిల్లలకు లెక్కలు: సుద్దముక్క కంటే ముందు చింతగింజలు

ఏర్పేడు నుంచి శ్రీకాళహస్తి పోయే దారిలో, చెరువు కట్ట కింద వాళ్ల అవ్వతో కూర్చుని చేపలు అమ్మే పాప ఒకతి మా సాయంత్రం బడికి వస్తుంది, అయిదో తరగతి. ఒక ఆదివారం నేనే పోయి జిలేబీ చేపలు అడిగాను. కిలో 160. ముక్కాలు కిలో చాలన్నాను. ఆ పాప తల కూడా ఎత్తకుండా "అర కిలో ఎనభై, దానిమీద కాలు కిలో నలభై, నూటిరవై అక్కా" అంది. 200 నోటు ఇచ్చాను. పది నోట్లు మూడు, యాభై నోటు ఒకటి నా చేతిలో పెడుతూ "నూట ముప్పై, నూట నలభై, నూట యాభై, ఇదో రెండు నూర్లు" అని ముగించింది. ఎక్కడా తీసివేత లేదు, అప్పు తెచ్చుకోవడం లేదు, అయినా పైసా తేడా రాలేదు.

మరుసటి రోజు అదే లెక్క పలక మీద వేశాను. 160ని 3తో హెచ్చవేసి 4తో భాగించమన్నాను. అరగంట సేపు పలక వైపు చూస్తూ కూర్చుంది, చివరికి కళ్లలో నీళ్లు.

ఆ పాపకు లెక్కలు రావని చెప్పే ధైర్యం ఎవరికైనా ఉందా? ఇది మన ఒక్క ఊరి సంగతి కూడా కాదు. బ్రెజిల్‌లో రెసీఫె అనే ఊళ్లో వీధుల్లో కొబ్బరికాయలు, నిమ్మకాయలు అమ్ముకునే 9 నుంచి 15 ఏళ్ల పిల్లలు అయిదుగురిని తెరెజీనా నూనెస్, డేవిడ్ కారహర్, అనలూసియా ష్లీమన్ అనే ముగ్గురు పరిశీలించి 1985లో ప్రచురించారు. బేరం మధ్యలో అడిగితే 98 శాతం లెక్కలు సరిగ్గా చెప్పారు, కథ లెక్కలుగా ఇస్తే 74 శాతం, వట్టి అంకెలు కాగితం మీద పెడితే 37 శాతమే. 2025లో మన కోల్‌కతా, ఢిల్లీ మార్కెట్లలో పనిచేసే పిల్లల మీద వచ్చిన అధ్యయనంలోనూ ఇదే కనిపించింది, పైగా అందులో ఇంకో సంగతి తేలింది: బడికి మాత్రమే పోయే పిల్లలు కాగితం లెక్క చేయగలిగినా అంగడి లెక్క దగ్గర తడబడ్డారు. అంటే వంతెన రెండు వైపులా లేదు. ఆ వంతెన కట్టే పని మనది, ఎలా కట్టాలో నాకు తెలిసినంత చెబుతాను. తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల యానాది, ఎరుకల, సుగాలి గిరిజన పిల్లలకు సాయంత్రాలు చదువు చెప్పే వాలంటీర్లకు, చిన్న బడుల టీచర్లకు పనికొస్తుందనే రాస్తున్నాను.

మొదటి వారం ఏమీ నేర్పించొద్దు. నిజంగా అంటున్నాను. ఒక నోటుబుక్కు పట్టుకుని కాలనీలో తిరగండి, ఎవరు ఏం లెక్కపెడుతున్నారు, ఏ మాటతో లెక్కపెడుతున్నారు అని రాసుకోండి. చేపలు కుప్పలుగా పోసి అమ్ముతారా, కిలోల్లోనా? వల కన్ను ఎంతుందో వేళ్లతో కొలుస్తారా? మామిడితోపు కాపలాకు పోయిన ఆయన రాత్రికి ఎన్ని చుట్లు తిరిగాడో ఎలా గుర్తుపెట్టుకుంటాడు? పండ్లు ఎంచేటప్పుడు చేతికి రెండేసి తీస్తారా, పుంజీల లెక్కా? పుంజీడు అంటే నాలుగని మీకు తెలియకపోతే ఆ ముసలమ్మ ఎంచుతున్నంతసేపూ తప్పు ఎంచుతోందని అనుకుంటారు. బొటనవేలితో వేలి కణుపులు ఎంచే పద్ధతి చూడండి, నాలుగు వేళ్లకు మూడేసి, మొత్తం 12. ప్రశ్నలు అడగడం తక్కువ, పక్కన కూర్చుని వాళ్ల పనిలో చెయ్యి వేయడం ఎక్కువ ఉండాలి.

ఇక్కడ ఒక హెచ్చరిక, నేను తప్పు చేసి నేర్చుకున్నది. మొదటి ఏడాది, అన్ని కులాల పిల్లలూ ఉన్న ఒక తరగతిలో, ఒక యానాది అబ్బాయిని లేపి "మీ నాయన పొలంలో ఎలుకలు పడతాడు కదా, ఒక్కో గట్టుకు ఎన్ని బొక్కలుంటాయో చెప్పు" అని అడిగాను. వాళ్ల జ్ఞానానికి గౌరవం ఇస్తున్నానని నా ఉద్దేశం. వెనక బెంచీలో నవ్వారు. ఆ అబ్బాయి నాలుగు రోజులు బడికి రాలేదు. వాళ్ల ఇంటికి పోయి క్షమించమని అడిగి తీసుకొచ్చాను. అందుకే చెబుతున్నా, కాలనీలో, వాళ్లలో వాళ్లు ఉన్నప్పుడు ఎలుకల లెక్క, ఎండ్రకాయల లెక్క ఎంతైనా మాట్లాడండి. కలిసి ఉన్న తరగతిలో మాత్రం ఒక్కరి ఇంటి పనిని వేలెత్తి చూపొద్దు. అందరి ఇళ్లలోనూ ఉండే చింతగింజలు, పూలమూర, చాట, చేటంత బుట్ట, వీటితో మొదలుపెట్టండి.

మాటల సంగతి కూడా ఇప్పుడే సరిచూసుకోవాలి. యానాదుల ఇంటి మాట తెలుగే, అయినా పుస్తకంలో "వ్యవకలనం" అని కనబడితే అది వాళ్లకు ఏ భాషో తెలియదు. కూడిక, తీసివేత, హెచ్చవేత, పంచడం చాలు, పుస్తకం మాట ఆరు నెలల తర్వాత గోడ మీద పక్కన రాయొచ్చు. ఎరుకల భాష తమిళానికి దగ్గర, సుగాలీలది ఉత్తరాది భాషల తెగ, కాబట్టి ఆ పిల్లలను వాళ్ల ఇంట్లో ఒకటి నుంచి ఇరవై దాకా ఎలా అంటారో చెప్పమని తెలుగు లిపిలో చార్టు మీద రాయించండి. వాళ్లు చెబుతుంటే మీరు తప్పుగా పలికి వాళ్ల చేత దిద్దించుకోండి, ఆ రోజు పిల్లల మొహాలు చూడాలి.

సరే, ఇప్పుడు సామాను. టీఎల్ఎం (పాఠం చెప్పడానికి వాడే సామాను) అని డబ్బు పెట్టి కొనేదేమీ లేదు. ఒక కిలో చింతగింజలు, తీసేసిన కూల్‌డ్రింక్ మూతలు ఒక వంద, రెండు రంగులవి. నూలు తాడు రెండు బారలు. పేపర్ టీకప్పులు. పాత పాలడబ్బాలు. గింజల విషయంలో ఒకటి గట్టిగా గుర్తుపెట్టుకోండి: గురివింద గింజలు ఎర్రగా నల్లచుక్కతో ఎంత ముద్దొచ్చినా పిల్లల చేతికి ఇవ్వొద్దు. కంసాలులు ఒకప్పుడు బంగారం తూచింది వాటితోనే, కానీ నమిలినా, రంధ్రం చేసేటప్పుడు పొడి లోపలికి పోయినా ప్రాణం మీదికి వస్తుంది. ఆముదం గింజలూ అంతే.

మూతలతో తాడు తయారు చేద్దాం. మేకు కాల్చి ఒక్కో మూత మధ్యలో రంధ్రం పెట్టాలి, ఈ పని పెద్దవాళ్లదే. పది ఎర్రవి, పది తెల్లవి, మళ్లీ పది ఎర్రవి, ఇలా వంద గుచ్చండి. ప్రతి ఇరవైకి ఒక గుడ్డపేలిక ముడి వేయండి. పదులకు రంగు, ఇరవైలకు ముడి ఎందుకని అడుగుతారు. మన పల్లెల్లో కొందరు ముసలివాళ్లు ఇప్పటికీ ఇరవైల లెక్కలో చెబుతారు, అరవై ఏడు అనరు, "మూడిరవైల మీద ఏడు" అంటారు. పుట్టికి ఇరవై తూములు కూడా అదే లెక్క. తాత చెప్పే 67, బడి చెప్పే 67 ఒకే తాడు మీద ఒకే మూత దగ్గర ఆగుతాయని పిల్లవాడు తన వేలితో పట్టుకుని చూడాలి. మూడు ముడులు దాటి ఏడు మూతలు, ఆరు రంగులు దాటి ఏడు మూతలు. తాతను కూడా పిలిచి తాడు దగ్గర కూర్చోబెట్టండి, మా దగ్గర ఒక తాత "ఇదేంది పాపా, నా లెక్క దీంట్లో ఎట్టా దూరింది" అని తాడంతా రెండుసార్లు ఎంచి చూశాడు.

ఇరవైల లెక్క వెనకబడిన లెక్క అని ఎవరైనా అంటే వాళ్లకు అలాస్కా సంగతి చెప్పండి. అక్కడ ఉత్తర తీరంలో కాక్టోవిక్ అనే చిన్న ఊళ్లో ఇన్యూపియాక్ జాతి పిల్లలు తమ భాషలో లెక్క ఇరవైల మీద నడుస్తుంటే బడి అంకెలు పదుల మీద ఉన్నాయని గమనించి, 1994లో తమ లెక్కకు సరిపోయే అంకెలు తామే కనిపెట్టారు. గీతలు చూస్తేనే ఎన్ని అయిదులు, ఎన్ని ఒకట్లు ఉన్నాయో తెలుస్తుంది. బడిలోనే ఆ లెక్కకు పూసల చట్రాలు కూడా చేసుకున్నారు. 2022లో ఆ అంకెలు యూనికోడ్‌లోకి చేరాయి, అంటే ఇవాళ ఫోన్‌లో కూడా వాటికి చోటు ఉంది. బడి ఈడు పిల్లలు చేసిన పని అది.

ఇప్పుడు చిల్లర లెక్కను తాడు మీదికి తెండి. వస్తువు 37 రూపాయలు, ఇచ్చింది వంద. 37వ మూత దగ్గర బట్టల క్లిప్పు పెట్టమనండి. "ఇక్కడ నుంచి వందకు ఎట్లా పోతావు?" అని అడగండి, దారి మీరు చెప్పొద్దు. చేపల పాప లాంటి పిల్ల మూడు మూతలు జరిపి 40కి వస్తుంది, అక్కడ నుంచి రంగులు ఎంచుతుంది, ఆరు రంగులు, 60. మూడు, అరవై, మొత్తం 63. మూడు రోజులు ఇలా చేతులతో చేయించాక నాలుగో రోజు తాడు తీసేసి నేల మీద సుద్దతో ఒట్టి గీత గీయండి. 37 దగ్గర చుక్క, 40 దగ్గర చుక్క, 100 దగ్గర చుక్క, మధ్యలో గెంతులు, గెంతు మీద 3, 60 అని రాయాలి. ఇంకో వారానికి ఆ గీత నోటుబుక్కులోకి పోతుంది. ఆ తర్వాతే 100 కింద 37 రాసి అప్పు తెచ్చే పద్ధతి చూపించండి, రెండు దారులూ 63కే చేరాయని వాళ్లే చెబుతారు. తొందరపడి నేల మీది గీత మెట్టు ఎగరగొట్టారంటే మళ్లీ పలక, మళ్లీ కన్నీళ్లు. ఈ గైడ్‌లో ఒక్కటే చేయగలను అంటే ఇది చేయండి.

సూళ్లూరుపేట వైపు చెప్పేవాళ్లకు తీసివేతకు ఇంకో ఆసరా ఉంది. శ్రీహరికోట ఒకప్పుడు యానాదుల దీవి, 1971 నుంచి అక్కడ రాకెట్లు పోతున్నాయి. పిల్లలు వెనక్కి లెక్కపెట్టడం కౌంట్‌డౌన్‌లోనే నేర్చేసుకుని ఉంటారు, ఇరవై నుంచి, యాభై నుంచి మొదలుపెట్టించండి.

భిన్నాలకు కొలతలు. గిద్ద, సోల, తవ్వ, మానిక, అడ్డ, కుంచం అనేవి ఊరికో తీరుగా ఉంటాయి, మన వైపు పడి, శేరు కూడా వింటాం, కాబట్టి ఆ కాలనీలో ఏ కొలత వాడతారో ముందు చూసుకోండి. పాత లెక్కలో గిద్దలు నాలుగైతే సోల, అక్కడి నుంచి అన్నీ రెండింతలే: రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. పాలడబ్బాలు కోసి ఈ కొలతలు చేయండి, ఇసుక పోసి పోసి చూడమనండి. కుంచంలో సోల ఎన్నో వంతు? పదహారో వంతు. దానికి మన భాషలో పేరే ఉంది, వీసం. అర, పావు, అరపావు, వీసం అంటూ సగం చేసుకుంటూ పోయే ఆలోచన తెలుగువాళ్ల చేతుల్లో ఎప్పటి నుంచో ఉంది, పాత తెలుగు లెక్కల్లో భిన్నాలకు నాలుగు నాలుగుగా నడిచే వేరే గుర్తులే ఉండేవి, 2008లో యూనికోడ్‌లోకి వచ్చాయి. చేపల పాప ముక్కాలును అర మీద కాలు అని విడగొట్టింది చూశారా, అదే దారి. ఇప్పుడు ఆమె పలక మీద 160 రాసి, దాని కింద సగం 80, దాని కింద సగం 40 రాసుకుని, 80కి 40 కలుపుతుంది. 3తో హెచ్చవేసి 4తో భాగించడం ఆ తర్వాత వచ్చింది, వచ్చినప్పుడు ఏడుపు రాలేదు.

పొడవులకు ఒళ్లే టేపు. నాలుగు వేళ్ల వెడల్పు బెత్తెడు, మూడు బెత్తెళ్లు జాన, రెండు జానలు మూర, నాలుగు మూరలు బార. తిరుపతిలో గుడి ముందు పూలమ్మే అక్క దగ్గర పొడుగు చేతులామె కొలిచిన మూర, పొట్టి చేతులామె కొలిచిన మూర ఒకటేనా అని అడిగితే పిల్లలు వెంటనే వాదనకు దిగుతారు. అందరి జానలూ స్కేలుతో కొలిచి పట్టిక రాయించండి, చిన్నది ఎంత, పెద్దది ఎంత, అందరివీ కూడి తలా ఇంత పంచితే ఎంత. సగటు అనే మాట అక్కడ చెప్పండి. సెంటీమీటరు ఎందుకు వచ్చిందో వాళ్లకే తెలిసిపోతుంది, మూర తప్పు అని మాత్రం చెప్పొద్దు, కొలిచేవాడూ కట్టేవాడూ ఒకడే అయినప్పుడు మూరంత నమ్మకమైనది లేదు.

బుట్ట గురించి నాకు ఎంత చెప్పినా తనివి తీరదు. ఎరుకల వాళ్లు వెదురు బద్దలతో, ఈత ఆకుతో అల్లుతుంటే పక్కన కూర్చుని నిలువు బద్దలు ఎంచండి. ఒకే బద్దను చుట్టూ తిప్పుతూ ఒకటి పైన, ఒకటి కింద అల్లాలంటే నిలువు బద్దలు బేసిగా ఉండాలి. సరి సంఖ్యలో ఉంటే రెండో చుట్టు కూడా మొదటి చుట్టు పోయిన చోటే పోతుంది, అల్లిక బిగుసుకోదు. ఈ మాట పిల్లలకు చెప్పకుండా, రెండు పేపర్ కప్పులు ఇవ్వండి, ఒకదాన్ని అంచు నుంచి అడుగు దాకా 8 పట్టీలుగా, రెండోదాన్ని 9 పట్టీలుగా చీల్చండి. ఊలు దారం ఇచ్చి అల్లమనండి. ఎనిమిది పట్టీల కప్పు పట్టుకున్న పిల్ల రెండో చుట్టులోనే "అక్కా, ఇది మళ్లీ అదే దారిలో పోతోంది" అని అరుస్తుంది. అప్పుడు 7, 10, 11 ప్రయత్నించి ఏది కుదిరింది, ఏది కుదరలేదు అని రెండు గళ్లలో రాయమనండి. సరి, బేసి అనే పాఠం పుస్తకంలో రెండు పంక్తులు, ఇక్కడ ఒక సాయంత్రం. మొజాంబిక్‌లో పాలుస్ గెర్డెస్ అనే గణిత పండితుడు బుట్టలు అల్లేవాళ్ల చేతుల్లోని లెక్క మీదే ఎన్నో ఏళ్లు పనిచేశాడు. వీలైతే బుట్ట అల్లే అమ్మను బడికి పిలిచి కుర్చీ వేసి కూర్చోబెట్టండి, ఆ రోజుకు ఆమే టీచర్. వచ్చిన రోజు కూలి పోతుంది కాబట్టి ఆ కూలి డబ్బు ఇవ్వడం మరిచిపోవద్దు.

ఆటలు వర్షం రోజులకు. వామనగుంటలు అయితే ఏడేసి గుంటలు రెండు వరసలు, గుంటకు అయిదు గింజలు పోస్తే మొత్తం 70. పంచడానికి ముందే "ఈ తొమ్మిది గింజల్లో ఆఖరిది ఎక్కడ పడుతుంది?" అని అడిగి వేలు పెట్టించండి. గుంటలో 14 గింజలు పేరుకున్నప్పుడు ఆఖరి గింజ ఎక్కడికి వస్తుందో కనిపెట్టిన రోజు శేషం అంటే ఏమిటో వేరే చెప్పక్కర్లేదు. పెద్ద పిల్లలకు అష్టాచెమ్మా: నాలుగు చింతగింజలు ఒక వైపు రాతి మీద అరగదీసి తెల్లగా చేయండి. అవి పడే తీరులు పదహారు, అన్నీ నల్లగా పడేది అందులో ఒక్కటే, రెండు తెలుపు రెండు నలుపు పడేవి ఆరు. వంద సార్లు వేసి గీతలు పెట్టించి చూడండి, లెక్క ప్రకారం రాకపోతే ఇంకా మంచిది, గింజ ఏ వైపుకు ఎక్కువ ఒరుగుతోంది అని వాళ్లే వెతుకుతారు.

గింజల దగ్గరే ఆగిపోవడం కూడా తప్పే. కొందరు వచ్చి వాళ్ల లెక్క ఎంత గొప్పదో అని ఫోటోలు తీసుకుని పోతారు, ఆ పిల్ల పదో తరగతి పరీక్ష రాయాల్సింది కాగితం మీదే. ఏడో తరగతి దాటిన పిల్లలకు అసలు అవసరమైన లెక్క వడ్డీ. తోపు కాపలాకు, ఇటుక బట్టీకి అడ్వాన్స్ తీసుకునే ఇళ్లలో పెద్దవాళ్లకు "మూడు రూపాయల వడ్డీ" అంటే తెలుసు, అది నెలకు నూటికి మూడని, ఏడాదికి నూటికి 36 అని కాగితం మీద ఎవరూ చూపించలేదు. పదివేలకు నెలకు 300, ఏడాదికి 3,600. ఒక ఇంట్లో ఆ నాయన నన్ను అడిగాడు, "రెండేండ్లు కాపలా కాసినా, అప్పు ఏమిటికి తగ్గలేదు?" నేను జవాబు చెప్పడానికి ఆయన దగ్గర ఒక్క చీటీ లేదు, లెక్క అంతా ఇచ్చినాయన పుస్తకంలోనే ఉంది.

అందుకే ఇప్పుడు మా బడిలో ప్రతి పెద్ద పిల్లా ఇంటికి ఒక నోటుబుక్కు పెడుతుంది. పేజీకి అయిదు గళ్లు: తేదీ, తీసుకున్నది, పనిచేసిన రోజులు, రావాల్సిన కూలి, మిగిలింది. రోజూ రాత్రి అన్నం తిన్నాక నాయనను అడిగి రాయాలి. నెలాఖరున కూడి, మూడు రూపాయల వడ్డీ వేసి, నాయనకు గట్టిగా చదివి వినిపించాలి. చేపల పాప వాళ్ల అవ్వకు కూడా ఒకటి పెట్టింది, మొదటి పేజీలో ఐసు గడ్డకు 40 అని రాసి, పక్కన ముక్కాలు కిలో, 120 అని రాసింది.